గడప దాకా పాలిష్

పాలిష్ పట్టని టేకు తలుపును చూస్తే మా మరిది వెంకటేష్‌కు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంటుంది. కుప్పం నుంచి పుంగనూరుకు వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే దాని సంగతి ఎత్తేవాడు. "ఏంది వదినా ఇది, గోడౌను తలుపు మాదిరి. ఎవురన్నా సూస్తే ఏమనుకుంటారు?" అనేవాడు. ఎవరేమనుకుంటారో పట్టించుకోవడం నేను అప్పటికే మానేశాను. ఆ ఏడాదంతా "ఊఁ" అనే ముక్కతోనే నెట్టుకొచ్చాను. తలుపు గురించి అన్నా ఊఁ, అన్నం తిన్నావా అన్నా ఊఁ.

తలుపులో దోషం లేదు. మా ఆయన మునిచంద్ర కుప్పం దగ్గర మిల్లులో తానే నిలబడి కోయించిన దుంగ అది. నార వంకర పోకుండా పైనుంచి కిందిదాకా తిన్నగా సాగుతుంది. ఆయన మదనపల్లె టమోటా యార్డులో ఒక మండీ తరఫున వేలం వేసేవాడు. ఎంత పెద్ద రాశినైనా రెప్ప వేసేలోగా ఎవరికో ఒకరికి అంటగట్టి పక్క రాశి దగ్గరికి పోయే మనిషి. అలాంటివాడు సొంత ఇంటి తలుపుకు ఏ పాలిష్ పూయించాలో తేల్చుకోలేక నెలల తరబడి నా తల తిన్నాడు. సాయంత్రం బస్సు దిగి రాగానే ఆ రోజు చూసిన తలుపులన్నీ నాకు వర్ణించేవాడు. ఎవరింట్లోనో వార్నిష్ వేస్తే రెండేళ్ళకే పొలుసులు లేచిందట. ఏదో లాడ్జిలో మెలమైన్ కొట్టిస్తే అద్దం మాదిరి ఉందట, తల దువ్వుకోవచ్చునట. "నన్నెప్పుడన్నా ఇంత శ్రద్ధగా సూసినావా?" అని అడిగితే, "నీకు పాలిష్ ఎందుకు మే, నీ నోరే తళతళలాడతా ఉండాది" అని నవ్వేవాడు.

చివరికి మదనపల్లె నుంచి ముద్దుకృష్ణను పిలిపించాడు. పాలిష్ పనిలో చెయ్యి తిరిగినవాడు, మాటల్లో అంతకంటే తిరిగినవాడు. మా తలుపు చేయగా మిగిలిన చెక్క ముక్కలు తీసుకుపోయి, ఒకదానికి లక్క, ఒకదానికి వార్నిష్, ఒకదానికి మెలమైన్ పూసి తెచ్చాడు. మా ఆయన వాటిని కిటికీ దిమ్మె మీద వరసగా నిలబెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా, కరెంటు బిల్లు ఇచ్చేవాడొచ్చినా సరే, వాటి ముందు నిలబెట్టి అభిప్రాయం అడిగేవాడు.

ఒకసారి నేను చూసుకోక లక్క ముక్క మీద వేడి కాఫీ గ్లాసు పెట్టాను. తీసేసరికి తెల్లటి సున్నా పడింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ముద్దుకృష్ణ అప్పుడు అక్కడే ఉన్నాడు. "ఏం గాలేదులే అన్నా" అంటూ గుడ్డ ముద్దను స్పిరిట్‌లో తడిపి పైపైన రాశాడు. సున్నా పోయింది.

"లక్క స్పిరిట్లో కరిగేది గదన్నా, మళ్ళా స్పిరిట్‌కే లొంగుతాది. ఎప్పుడు గావాలన్నా తీసేసి పూసుకోవచ్చు. మెలమైన్ అట్ల గాదు. ఒక తూరి పట్టిందంటే పట్టినట్లే. వద్దనుకుంటే చెక్క పైపొర గీకి పారెయ్యాల" అన్నాడు.

"అయితే లక్కే" అన్నాడు మా ఆయన. మర్నాటికి మళ్ళీ మెలమైన్ ముక్కను వెలుతురులో తిప్పి చూస్తూ కనిపించాడు.

ఆ రోజు పోయే ముందు ముద్దుకృష్ణ ద్వారబంధమంతా అరచేత్తో తడుముకుంటూ వచ్చి గడప దగ్గర ఆగాడు. నా వైపు తిరిగి, "అక్కా, గడపకు పసుపు పూస్తావా, పెయింటు కొట్టేయమంటావా?" అని అడిగాడు. మా వైపు పాలిష్ మేస్త్రీలు ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే అది. చెక్కకు లక్క పట్టించారంటే నారలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. దాని మీద పసుపు నిలవదు, ఆరగానే రాలిపోతుంది. అందుకని ఇంట్లో పసుపు పూసే ఇల్లాలు ఉంటే పాలిష్ గడప దాకా వచ్చి ఆగుతుంది.

నేను నోరు తెరవకముందే మా ఆయన అందుకున్నాడు. "శుక్రవారం పొద్దున ఈమె గడప కాడ కూర్చునిందంటే నాకు కాఫీ గూడా దిక్కులేదు. పసుపు, కుంకంబొట్లు, ముగ్గుగీతలు, అదొక పెద్ద కత. గడప జోలికి పోవద్దు సామీ. ఒక్క చుక్క గూడా పడనీయొద్దు."

"అట్లే అన్నా" అని ముద్దుకృష్ణ వెళ్ళిపోయాడు. టమోటా సీజను ముమ్మరంగా వచ్చింది. సీజను అయినాక పని మొదలుపెడదామనుకున్నారు.

సీజను ముగియకముందే ఒక పొద్దున ఆయన యార్డులో వేలం వేస్తూ మధ్యలో ఆగిపోయాడు. ధర పెంచడానికి ఆగాడనుకున్నారట. ఇంకొకాయన పెంచి కూడా అడిగాడట. అప్పటికే ఆయన బుట్టల మీదికి ఒరిగిపోయాడు. ఎస్టీడీ బూతు ఆయన పరుగున వచ్చి చెప్పేసరికి నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. విన్నాను. మిగిలిన బియ్యం కూడా ఏరి, డబ్బాలో పోసి, మూత పెట్టి, అప్పుడు లేచాను. ఎందుకలా చేసిందని మా చుట్టాలు చాలా రోజులు చెవులు కొరుక్కున్నారు. ఎందుకో నాకూ తెలియదు.

ఏడవలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా అవుతుందో నా ఒళ్ళంతా అలా అయింది. ఉందని తెలుసు, అంతే. వచ్చినవాళ్ళు నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే ఎవరి చేతులో పట్టుకుని ఏడుస్తున్నట్టుండేది. ఆ తర్వాత ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో అడిగితే చెప్పలేను.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది నేను, మా అత్త అన్నపూర్ణమ్మ. ఆమె భర్త పోయేనాటికి వెంకటేష్ ఇంకా పలక పట్టలేదు. అంటే ఊరి లెక్క ప్రకారం ఆ ఇంట్లో గడపకు పసుపు పూసే చెయ్యి లేదు. శుక్రవారం వచ్చింది. నేను వంగకుండా గడప దాటి వెళ్ళాను. ఎవరూ పూయొద్దనలేదు. పూయమనీ అనలేదు. తర్వాతి శుక్రవారమూ అంతే. పాత పసుపు వెలిసిపోయి, వానలకు కొట్టుకుపోయి, గడప ఎండు చెక్కలా మిగిలింది. గాజులామె మా ఇల్లు దాటి పక్కింటి ముందు గంప దించేది. పేరంటాల్లో కుంకుమ పళ్ళెం నా పక్కామె దగ్గర కొంచెం తడబడి, నా తర్వాతామె దగ్గరికి పోయేది. పేరంటాలకు వెళ్ళడం మానేశాను. దానికీ నాకు బాధ కలగలేదు. బాధ కలిగి ఉంటే బాగుండేది.

ఆ వానలకు తలుపు ఉబ్బింది. వసారా ఉన్నా జల్లు కొట్టి, నీళ్ళు తాగి, భుజంతో నెడితే తప్ప తెరుచుకునేది కాదు. సంవత్సరీకం అయిన తర్వాత వెంకటేష్ ఇంక ఆగలేదు. ముద్దుకృష్ణను తానే వెంటబెట్టుకుని వచ్చాడు.

"రోజ్‌వుడ్ కలర్ వేసి మెలమైన్ కొట్టిద్దాం వదినా. మా ఇంట్లో అదే. నీళ్ళు పడినా ఏం గాదు, తడిగుడ్డతో తుడిస్తే సాలు. ఎన్నేళ్ళయినా కదలదు" అన్నాడు.

ముద్దుకృష్ణ నా వైపు చూశాడు. "అన్న లక్క పూయించాలని ఉండె. నీకెట్ల గావాలంటే అట్లక్కా."

"ఎట్లయినా సరే" అన్నాను.

"అట్లంటే ఎట్ల వదినా? ఏదో ఒకటి సెప్పాల గదా!"

ఇద్దరూ నిలబడి నా నోటి వైపు చూస్తున్నారు. కిటికీ దిమ్మె మీది చెక్క ముక్కల్లో లక్క పూసినదాన్ని మా అత్త ఎప్పుడో మజ్జిగ ముంత మీద మూతగా పెట్టుకుంది. ముంత నా మోచేతి పక్కనే ఉంది. దాని వైపు చెయ్యి చూపించి, "అదే పూయి. రంగేమీ వద్దు" అన్నాను. అన్న మీద ప్రేమతో వదిన అలా చెప్పిందనుకుని వెంకటేష్ కళ్ళు తుడుచుకున్నాడు. ప్రేమా కాదు, దోమా కాదు. ఆ ముక్క దగ్గరగా ఉంది, ఆ మాటలు ఆగిపోతే చాలుననిపించింది. మిగతా రెండు ముక్కల్లో ఏది దగ్గరగా ఉన్నా దాన్నే చూపించేదాన్ని.

ఆ రోజు ముద్దుకృష్ణ గడప గురించి అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు తర్వాత గానీ తట్టలేదు.

వెంకటేష్ కుప్పం వెళ్ళిపోయాడు. ముద్దుకృష్ణ తలుపు రెక్కలు ఊడదీసి, వసారాలో పడుకోబెట్టి పని మొదలుపెట్టాడు. ఉబ్బిన అంచులు చిత్రిక పట్టాడు. ముందు గరుకు ఉప్పుకాగితం, తర్వాత నున్నటిది, నార వెంబడే తోస్తూ పోయాడు. చెమట చేతుల మరకలు, వాన చారలు అన్నీ పొడై రాలాయి. సుద్దపొడి కలిపి నార సందుల్లో కూరాడు. లక్క రేకులు స్పిరిట్‌లో నానేసిన సీసా వసారా గోడకు ఆనించి పెట్టాడు. డికాక్షన్ రంగులో ఉండేది. ఇంటి నిండా ఘాటు వాసన. వాసన వస్తోందని తెలుస్తుంది గాని, బాగుందో లేదో తెలియదు.

"అక్కా, మెత్తటి పాత నూలుగుడ్డ ఉంటే ఇయ్యి. బాగా ఉతికి ఉతికి ఉండేది. కొత్త గుడ్డయితే పోగులు రాలి పాలిష్‌లో అంటుకుంటాయి" అని అడిగాడు.

లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాను. పైన కనిపించింది తీసిచ్చాను. అది ఆయన పంచె. యార్డుకు కట్టుకుపోయేది, ఎంత ఉతికినా అంచు దగ్గర టమోటా మరక పోలేదు. ముద్దుకృష్ణకు తెలియదు. పర్రున చింపాడు. ఆ చప్పుడుకు మా అత్త చూసింది. అంచు గుర్తుపట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. నేను అక్కడే నిలబడి, ఆ పూటకు పప్పు వండాలా చారు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. నాకేమీ కాలేదు. ఏమీ కాకపోవడం చూసి మటుకు కొంచెం భయం వేసింది.

దూదిని ఆ గుడ్డలో చుట్టి, ముద్ద చేసి, లక్కలో ముంచి, అంటుకోకుండా ఒక్క బొట్టు నూనె వేసుకుని, ముద్దుకృష్ణ సున్నాలు చుడుతూ పోయేవాడు. ఒక పూత ఆరితే ఇంకొకటి. చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. ఆగితే ఆ చోట మచ్చ పడుతుందట. పూత పూతకూ చెక్క లోపలినుంచి నార పైకి లేచి వచ్చింది. "సూడక్కా, ఎట్ల లేసినాదో! అన్న ఎంచిన మాను ఇది" అన్నాడు. "ఊఁ" అన్నాను. బాగున్నది బాగున్నట్టు కనిపిస్తూనే ఉంది. అది నా దాకా రాలేదు, అంతే.

తలుపులు మళ్ళీ బిగించిన రోజు శుక్రవారం. శుక్రవారమని ఎవరూ చూసి పెట్టలేదు, అలా కుదిరింది. పొద్దున నేను పెరటి పని చూసుకుని పాలచెంబు తీసుకుని వీధిలోకి వస్తున్నాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎండ నేరుగా లోపలికి పడుతోంది. గడప దాటబోతూ కిందికి చూశాను.

గడప మెరుస్తోంది.

తలుపుకు పూసినట్టే దానికీ పూత మీద పూత పూశాడు. ఎప్పుడు పూశాడో, రోజూ దాటుతూ కూడా నేను చూడనే లేదు. చెక్కలో ఒక్క సన్నటి రంధ్రం కూడా తెరిచి లేదు. వంగితే నా మొహం మసకగా కనిపించింది. బొట్టు లేని మొహం.

"దీనికి ఎవురు పూయమనింది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముద్దుకృష్ణ బయట సామాన్లు సర్దుకుంటున్నాడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం. "ఎవురూ అన్లేదక్కా, నేనే. తలుపంతా మెరస్తా ఉండి గడప ఒక్కటీ ఎండిపోయి ఉంటే సూసేదానికి బాగుండదు గదా. ఇంక ఆ పని కూడా..." అని ఆగాడు. గొంతు తగ్గించాడు. "సూసినప్పుడల్లా నీకు బాధ గదక్కా. అందుకని పూసేసినా."

అతను చెడ్డవాడు కాదు. ఆ ఏడాదిలో నా గురించి అంత మెత్తగా ఆలోచించినవాళ్ళు తక్కువ. నాకు కడుపు మండింది ఆ మెత్తదనానికే. గాజులామె కూడా మెత్తగానే పక్కింటికి పోయింది. కుంకుమ పళ్ళెం మెత్తగానే నన్ను దాటింది. అందరూ నా చేతులు పట్టుకున్నారు, నా వీపు నిమిరారు, నా బదులు అన్నీ వాళ్ళే అనేసుకున్నారు. నేను మాత్రం ఊఁ అన్నాను.

"ప్రతి ఇంట్లో అడుగుతావు గదా, గడపకు పసుపు పూస్తారా అని! ఈడ యాల అడగలా?"

అతను సర్దుతున్న సామాను కింద పెట్టాడు.

"అడుగు. ఇప్పుడడుగు."

"అక్కా..."

"అడగరా అబ్బీ!"

నేను అరిచానని ఎదురింటి అక్కమ్మ చీపురుతో సహా వీధిలోకి వచ్చింది. ముద్దుకృష్ణ అడగలేదు. అడిగే అవసరం లేదని అతనికి అర్థమైపోయింది. స్పిరిట్ సీసా తీసుకుని గుడ్డ కోసం వెతుక్కుంటూ, "నేను తీసేస్తాలేక్కా, నువ్వు జరుగు" అన్నాడు.

"ఇట్ల తే. నేను తీస్తా."

పాలచెంబు పక్కన పెట్టి గడప ముందు కూలబడ్డాను. సీసా వంచి స్పిరిట్ పోశాను. మిగిలిన పంచె ముక్కతో రుద్దాను. ముందు ఏమీ కాలేదు. తర్వాత మెరుపు మసకబారింది, జిగురైంది, ఎర్రగా కరిగి గుడ్డకు అంటుకుంటూ వచ్చింది. లక్క స్పిరిట్‌కే లొంగుతాదని ఆయన పక్కన నిలబడి విన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు నా మోచేతి పక్కన మెలమైన్ ముక్క ఉండి ఉంటే? వేలు ఎటు చూపేదాన్నో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. జలదరించడం కూడా మరిచిపోయి చాలా కాలమైంది.

గుడ్డకు రానిది ఉప్పుకాగితంతో గీకాను. నార వెంబడి పోవాలని ముద్దుకృష్ణ చెబుతూనే ఉన్నాడు. నేను అడ్డదిడ్డంగా తోశాను. వేళ్ళ కణుపులు చెక్కకు రాసుకుని చర్మం లేచింది. ఆ చేతితోనే మళ్ళీ స్పిరిట్ గుడ్డ పట్టుకున్నాను.

మండింది. అబ్బా అన్నాను, పైకే. చెయ్యి విదిలించాను. అంత మంట ఏడాదిగా ఎరగను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంటకేనని అనుకున్నాను. కాసేపటికి మంట చల్లారింది, నీళ్ళు ఆగలేదు. నాకు ఆయన కావాలి. వేలం వేసే ఆ గొంతు కావాలి, కాఫీ ఇయ్యలేదని గడప అవతల నిలబడి సణిగే మనిషి కావాలి. ఆ మాట మనసులో అనుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. ముద్దుకృష్ణ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పచ్చి చెక్క బయటపడ్డాక లేచి వంటింట్లోకి వెళ్ళాను. పసుపు డబ్బా అట్టడుగు అరలో ఉంది. మూత బిగుసుకుపోయింది, లోపల పసుపు గడ్డలు కట్టింది. గిన్నెలో వేసి నీళ్ళు పోసి వేళ్ళతో చిదిపాను. మా అత్త గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. తిడుతుందనుకున్నాను. వద్దంటుందనుకున్నాను. అంటే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నా వెనకాలే వసారాలోకి వచ్చి, కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది.

పసుపు పూశాను. చెక్క తాగింది. లక్క పడ్డ తలుపు పక్కన, లక్క తీసేసిన గడప గబగబా తాగింది. ఇంకోసారి పూశాను. అక్కమ్మ వీధిలో కదలకుండా నిలబడే ఉంది.

"మీ మామ పోయినప్పుడు నన్ను గూడా ఎవురూ వద్దన్లా. నేనే మానేసినా" అంది మా అత్త, ఎవరితోనో చెబుతున్నట్టు. వేలెత్తి గడప చూపించింది. "ఆ మూల వదిలేసినావు సూడు."

నిజమే, ఎడమ చేతి వైపు మూల మిగిలిపోయింది. గిన్నె ఆమె వైపు జరిపాను. ఆమె గిన్నెను చూసింది, వీధిలో అక్కమ్మను చూసింది. తర్వాత ముందుకు జరిగి, ముసలి వేళ్ళు నాలుగూ పసుపులో ముంచింది. పూయబోతే పసుపు గడప మీద కంటే నేల మీదే ఎక్కువ పడింది. ఒక చుక్క కొత్తగా పాలిష్ పట్టిన తలుపు రెక్క మీదికి కూడా చిందింది. ముద్దుకృష్ణ గుడ్డ తీసుకుని తుడవడానికి వంగాడు.

"ఉండనీయప్పా" అంది మా అత్త.